ఫాంటసీ ఖడ్గాలు: ఊహకు ఉక్కు రూపం

కథల్లో, సినిమాల్లో, వీడియో గేముల్లో కనిపించే ఊహాజనిత ఖడ్గాలను, బాకులను, గొడ్డళ్లను, ఈటెలను చేతిపనిగా తయారు చేయడం గత యాభై ఏళ్లలో ఒక ప్రత్యేక కళగా నిలదొక్కుకుంది. కమ్మరం, పోతపని, వడ్రంగం, తోలుపని, నగిషీ ఇందులో కలగలిసి ఉంటాయి. చారిత్రక ఖడ్గానికి నకలు చేసేవారికి మ్యూజియంలో అసలు వస్తువు ఉంటుంది, కొలతలు తీసుకోవచ్చు. ఫాంటసీ పనివాడికి ఆ వెసులుబాటు లేదు. రచయిత రాసిన నాలుగు వాక్యాలో, చిత్రకారుడు గీసిన బొమ్మో, తెరమీద క్షణంపాటు మెరిసిన ఆకారమో తప్ప చేతిలో మరేమీ ఉండదు. ఈ పనిలో పేరు తెచ్చుకున్నవారంతా ఊహకు పిడిమీద, నగిషీలో, లోహపు మెరుగులో పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు. అలుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉక్కు చెప్పినట్టు విన్నారు. అలా వినని కత్తులు గోడకు వేలాడటానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

కథల నుంచి కొలిమికి

మాయఖడ్గం ఊహ చాలా పాతది. ఉత్తర యూరప్ వీరగాథల్లో ఖడ్గాలకు మనుషుల్లాగే పేర్లుంటాయి. తండ్రి చేతిలో విరిగిన కత్తిని అతికించి కొడుకు మళ్లీ ఎత్తుతాడు. ఒర దాటితే ఒక ప్రాణం తీయనిదే వెనక్కి వెళ్లని శాపగ్రస్త ఖడ్గాలూ ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిషు బోధించిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఈ గాథలను ఔపోసన పట్టాడు. 1937లో వచ్చిన ‘ది హాబిట్’లో శత్రుమూక దగ్గరికి వస్తే వెలుగు చిమ్మే కత్తులు, 1954–55లో వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ముక్కలై మళ్లీ కొలిమికెక్కిన రాజఖడ్గం ఆ చదువులోంచి వచ్చినవే. 1961లో మైకెల్ మూర్‌కాక్ ఇంకో మెట్టు ఎక్కి, చంపినవాడి ఆత్మను తాగి యజమానికి బలమిచ్చే ‘స్టార్మ్‌బ్రింగర్’ అనే నల్లఖడ్గాన్ని సృష్టించాడు. 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట వచ్చాక మాయఖడ్గం పాఠకుడి ఊహలోంచి ఆటగాడి ఆస్తుల జాబితాలోకి వచ్చింది. ఆ తర్వాత వీడియో గేములు కొలతలనే చెరిపేశాయి. 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 7’ కథానాయకుడి ఖడ్గం దాదాపు అతనంత పొడవు, పలకంత వెడల్పు.

తెలుగువారికి ఈ రుచి చందమామ ద్వారా, జానపద సినిమా ద్వారా అంటుకుంది. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల్లోని మాంత్రికులు, రాక్షసులు, రాకుమారులను చిత్రా బొమ్మల్లో చూస్తూ రెండు తరాలు పెరిగాయి. ‘పాతాళ భైరవి’ (1951) మొదలు విఠలాచార్య చిత్రాల దాకా కత్తియుద్ధం లేని జానపదం లేదు. కాంతారావుకు జనం ‘కత్తి కాంతారావు’ అని పేరు పెట్టుకున్నారు. ఆ తరం చిత్రాల్లో మెరిసినవి చాలావరకు చెక్కకు, రేకుకు పూత పూసిన కత్తులే. అట్టకత్తి అన్న ఎగతాళి మాట ఎలా ఉన్నా, నటులకు గాయాలు కాకుండా రోజుకు పది గంటలు తిప్పడానికి అంతకంటే తెలివైన పదార్థం అప్పట్లో లేదు.

మాయ ఉక్కు వెనుక కోనసముద్రం

ఫాంటసీ సాహిత్యంలో ‘మామూలు ఉక్కు కాదు, రహస్యం తెలిసిన పాతవాళ్లు చేసిన ఉక్కు’ అన్న మాట పదేపదే వినిపిస్తుంది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలల్లోని వలీరియన్ ఉక్కు అలాంటిదే. దాని ఒంటిమీద అలలు, మడతలు కనిపిస్తాయి. చేసే విద్య నశించింది కాబట్టి ఉన్న కొద్ది కత్తులూ వంశపారంపర్యంగా చేతులు మారతాయి. ఈ ఊహకు మూలం డమాస్కస్ ఉక్కు. దాని కీర్తిని యూరప్ పాఠకుల మనసులో నాటినవాటిలో వాల్టర్ స్కాట్ 1825లో రాసిన ‘ది టాలిస్మన్’ ఒకటి. అందులో ఇంగ్లండు రాజు రిచర్డ్ తన బరువైన ఖడ్గంతో ఇనుప గద కాడను నరికితే, సలాదీన్ తన సన్నని కత్తితో పట్టుగుడ్డను గాల్లోనే రెండుగా చీలుస్తాడు.

ఆ కత్తుల ఉక్కులో గణనీయమైన భాగం దక్షిణ భారతం నుంచి, శ్రీలంక నుంచి వెళ్లింది. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం అందులో పేరుమోసిన ఊరు. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో హైదరాబాద్ రాజ్యంలో భూగర్భ పరిశీలన చేసిన హెన్రీ వాయిసీ ఇక్కడి పనిని కళ్లారా చూసి రాసిపెట్టాడు. 1824లో ఆయన చనిపోయాక, 1832లో ఆ వివరణ అచ్చయింది. పర్షియా వర్తకులు ఇంతదూరం వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవారు. ఇనుము ముక్కలను, కర్బనమిచ్చే కట్టెను లేదా ఆకులను మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, గంటల తరబడి తిత్తులు ఊది కరిగించేవారు. తర్వాత మూసను తొందరపడకుండా చల్లారనిచ్చేవారు. అప్పుడు తయారయ్యే ముద్దలో కర్బనం 1 నుంచి 2 శాతం మధ్య ఉంటుంది.

ఆ ముద్దను తక్కువ వేడిమీద ఓపికగా సాగగొడితే లోపలి ఇనుప కార్బైడ్ రేణువులు వరసలు కడతాయి. పుల్లటి ద్రావణంతో తుడిస్తే ఆ వరసలే నీటి అలల్లా బయటపడతాయి. కమ్మరికి ఇక్కడ పెద్ద చిక్కు వేడిది. తెల్లగా కాలితే ముద్ద సుత్తి కింద పొడిపొడి అవుతుంది, ఎరుపు తగ్గితే పగుళ్లిస్తుంది. యూరప్ కమ్మరులు తమ అలవాటు కొద్దీ బాగా కాల్చి కొట్టి, ఇది పనికిరాని ఉక్కని మొదట్లో పెదవి విరిచింది ఇందుకే. మైకెల్ ఫారడే అంతటివాడు విద్యుత్తు పనికి ముందు ఈ ఉక్కు గుట్టు కోసం ప్రయోగాలు చేశాడు. 1990లలో అమెరికా లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్‌హోవెన్, గుర్రాలకు నాడాలు కొట్టే వృత్తిలోంచి వచ్చిన కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి, ముడి ఇనుములో అతి స్వల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలే ఆ వరసలకు కారణమని చేసి చూపారు. మంత్రం అనుకున్నది ఖనిజంలో ఉన్న లవలేశం కల్తీ.

ఆకాశం నుంచి పడ్డ ఇనుముతో చేసిన ఖడ్గమూ ఒట్టి కథ కాదు. 1621లో పంజాబ్‌లోని జలంధర్ దగ్గర ఉల్క పడితే జహంగీర్ దాన్ని తెప్పించి ఆయుధాలు చేయించాడు. ఉల్క ఇనుము సుత్తి దెబ్బకు నిలవకపోవడంతో మూడు పాళ్లకు ఒక పాలు మామూలు ఇనుము కలిపారు. చక్రవర్తి ఈ సంగతి తన ఆత్మకథలో రాయించుకున్నాడు. అందులో ఒక బాకు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంగ్రహంలో ఉంది. ఈ వరసలోనే ఇంకొకటి చెప్పుకోవాలి. ఫాంటసీ రచయిత టెర్రీ ప్రాచెట్‌కు 2009లో నైట్ బిరుదు వచ్చింది. నైట్‌కు ఖడ్గం ఉండాలి కదా అని, తన ఊరి దగ్గర పొలంలో ఇనుపరాయి తవ్వి, మట్టి కొలిమిలో కరిగించి, దానికి ఉల్క ముక్కలు కూడా జోడించి కత్తి చేయించుకున్నాడు. ఫాంటసీ రాసినవాళ్లలో తన మాయఖడ్గాన్ని ముడిరాయి నుంచి మొదలుపెట్టినవాడు బహుశా ఈయనొక్కడే.

బరువు లెక్క

కొత్తగా ఈ పనిలోకి దిగేవారు చేసే మొదటి తప్పు బరువు దగ్గరే. యూరప్ మధ్యయుగపు ఒంటిచేతి ఖడ్గాలు సుమారు కిలో నుంచి కిలోన్నర తూగేవి. రెండు చేతులతో పట్టే పొడవాటివి కూడా ఎక్కువగా రెండు కిలోల లోపే. సినిమాల పుణ్యమా అని జనం వాటిని ఐదారు కిలోలుగా ఊహిస్తారు. వీడియో గేము ఖడ్గాన్ని ఉన్నదున్నట్టు ఉక్కుతో చేస్తే ఏమవుతుందో లెక్క వేయవచ్చు. 150 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, ఒక సెంటీమీటరు మందం ఉన్న పలక ఘనపరిమాణం 4,500 ఘన సెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత 7.85తో గుణిస్తే 35 కిలోలు దాటుతుంది. బియ్యం బస్తాను రెండు చేతులతో తిప్పి శత్రువును కొట్టడమన్నమాట.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడుందన్నదీ ముఖ్యం. మంచి ఖడ్గాన్ని పిడి అడ్డుపట్టీకి కొన్ని అంగుళాల ముందు వేలిమీద నిలబెడితే తూకం కుదురుతుంది. ఇందుకోసం అలుగు మందాన్ని పిడి దగ్గర ఐదారు మిల్లీమీటర్లతో మొదలుపెట్టి మొన వైపు వెళ్లేకొద్దీ సగానికి సగం తగ్గిస్తారు. బొమ్మలో కనబడని ఈ పలుచదనమే చేతికి తెలిసే తేడా. అలుగు నడుమ తీసే గాడి కూడా గట్టిదనం పోకుండా బరువు తగ్గించడానికే. అది రక్తం కారడానికని చెప్పే మాటకు ఆధారం లేదు. పిడి చివరి గుండు ఎదురు తూకంగా పనిచేస్తుంది. డ్రాగన్ తలలు, పుర్రెలు, స్ఫటికాలు ఏవి చెక్కాలన్నా అదే సరైన చోటు, ఎందుకంటే అక్కడ బరువు అవసరమే.

అలుగుకు ఇరువైపులా ముళ్లు, కొక్కేలు, కన్నాలు పెట్టడం ఫాంటసీ బొమ్మల్లో మామూలు. ముల్లు మొదలయ్యే కోణం వాడిగా ఉంటే దెబ్బ తగిలినప్పుడు ఒత్తిడంతా అక్కడే పోగై పగులు పుడుతుంది. అనుభవజ్ఞులు ఆ మూలలను గుండ్రంగా తిప్పుతారు, లేదా అలంకారాన్ని పిడికి దగ్గరగా మందపాటి భాగంలోకి జరుపుతారు. వింత ఆకారమంటే పనికిరాని ఆకారమనీ కాదు. మన కటారి, కేరళ ఉరుమి, పులిగోళ్ల బాఘ్‌నఖ్ కథల్లోంచి రాలేదు, నిజంగా వాడినవే. తంజావూరు ఆయుధాగారం నుంచి ప్రపంచ మ్యూజియాలకు చేరిన కటారుల చేతికాపులమీద యాళి ముఖాలు, లతలు చూస్తే ఈనాటి ఫాంటసీ చిత్రకారులు చిన్నబోవాలి. అంత పని చేసీ అలుగును మాత్రం ఆ కమ్మరులు చెడగొట్టలేదు.

ఉక్కు ఎంపిక, కొలిమి పని

ఖడ్గానికి కావలసింది స్ప్రింగులా వంగి తిరిగి నిటారయ్యే ఉక్కు. అమెరికా పద్ధతిలో 1060, 1075, 1084 అని పిలిచే రకాల్లో చివరి రెండంకెలు కర్బనం పాళ్లు. 1060లో 0.6 శాతం, 1084లో 0.84 శాతం ఉంటుంది. 0.6 శాతం కర్బనానికి కొద్దిగా క్రోమియం కలిసిన 5160 వాహనాల స్ప్రింగు ఉక్కు, ఖడ్గాలకు అందరూ మెచ్చేది. లారీ కమాను పట్టీలతో కత్తులు చేయడం మన కమ్మరులకూ తెలిసిన పనే. అయితే ఏళ్ల తరబడి లోడు మోసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లుండొచ్చు. కొడవలికి ఫరవాలేదు గాని మూడడుగుల ఖడ్గానికి కొత్త ఉక్కు కొనడమే మేలు. బజారులో తళతళలాడే స్టెయిన్‌లెస్ అలంకార ఖడ్గాలు తుప్పు పట్టవు. కాని అంత పొడవున దెబ్బకు విరిగే గుణం ఎక్కువ. పిడిలోకి వెళ్లే తోక భాగాన్ని సన్నని కడ్డీగా వెల్డు చేసి ఉంటారు కాబట్టి, గట్టిగా ఊపితే అలుగు ఊడి ఎగిరిపోయే ప్రమాదం ఉంది.

అలుగును రెండు విధాలుగా చేస్తారు. ఒకటి కడ్డీని కాల్చి దాగలిమీద సాగగొట్టడం. రెండోది పట్టీ నుంచి ఆకారం కోసి గ్రైండరుమీద అరగదీయడం. కొట్టి చేసిందే గొప్పదన్న నమ్మకం బలంగా ఉంది గాని, ఒకే ఉక్కుకు ఒకే విధంగా వేడి పెడితే పనితనంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. వంకులు తిరిగిన ఫాంటసీ ఆకారాలకు కోసి అరగదీసే పద్ధతే ఎక్కువ వాడతారు.

అసలు గండం వేడి పెట్టేటప్పుడు. అలుగును కొలిమిలో ఎర్రబడేదాకా తీసుకెళ్తారు. సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కుకు అయస్కాంతం అంటుకోవడం మానేస్తుంది. అనుభవం లేనివారికి ఇది మంచి గుర్తు. అక్కడి నుంచి ఇంకో యాభై డిగ్రీల దాకా పెంచి, అలుగంతా ఒకే రంగులో ఉందని చూసుకుని, నిలువుగా నూనెలోకి దించుతారు. నిలువుగా ఎందుకంటే, పక్కవాటుగా ముంచితే ఒకవైపు ముందు చల్లబడి అలుగు వంకరపోతుంది. నూనెను ముందే గోరువెచ్చన కంటే కాస్త ఎక్కువగా వేడి చేసి ఉంచుతారు. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని త్వరగా లాగలేదు. ముంచగానే మంట లేస్తుంది, నూనె సలసలమంటుంది. ఆ చప్పుడు మధ్య ‘టింగ్’ మని సన్నగా వినబడిందంటే పగులు వచ్చినట్టే, వారాల పని పోయినట్టే. బయటికి తీశాక అలుగు ఇంకా వేడిగా ఉన్న కొద్ది క్షణాల్లోనే వంకర సరిచేయాలి, ఆ తర్వాత అది గాజులా పెళుసు. అందుకే వెంటనే రెండోసారి తక్కువ వేడిమీద కాల్చి మెత్తబరుస్తారు. తోమిన ఉక్కుమీద 200 డిగ్రీలు దాటాక లేత గడ్డి రంగు, ఇంకా పెరిగితే ఊదా, 300 దగ్గర నీలం పరుచుకుంటాయి. చిన్న కత్తిని గడ్డి రంగు దగ్గరే ఆపుతారు, పదును ముఖ్యం కనుక. ఖడ్గాన్ని నీలం దాకా తీసుకెళ్తారు. కొంత గట్టిదనం పోయినా విరగకుండా వంగాలి కనుక.

ఇప్పుడు బజారులో డమాస్కస్ అని అమ్మేది చాలావరకు కోనసముద్రం మూస ఉక్కు కాదు. రెండు రకాల ఉక్కు పట్టీలను పేర్చి కొలిమిలో అతికించి మడిచినది. 1084 పట్టీల మధ్య నికెల్ కలిసిన 15ఎన్20 పట్టీలు పెట్టి, వెలిగారం చల్లి, పసుపు తెలుపు కాంతి వచ్చేదాకా కాల్చి సుత్తితో అతుకుతారు. ఏడు పొరలతో మొదలుపెట్టి ఐదుసార్లు రెట్టిస్తే 224 పొరలు. కడ్డీని మెలితిప్పితే ఒక నమూనా, పొరల్లో గాళ్లు తీసి చదును చేస్తే నిచ్చెన మెట్ల నమూనా. చివర ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే మామూలు ఉక్కు నల్లబడుతుంది, నికెల్ ఉన్న పొర తెల్లగా నిలుస్తుంది. ఈ పద్ధతీ కొత్తది కాదు. ఇంగ్లండులోని సటన్ హూ సమాధిలో 1939లో బయటపడ్డ ఏడో శతాబ్దపు ఖడ్గం ఇలా అతికి మెలితిప్పినదే. అలలు, జ్వాలలు, పాము పొలుసులు చూపించవచ్చు కాబట్టి ఫాంటసీ పనివారికి ఇది ప్రాణం. అందం కోసం తప్ప, ఒకే రకం మంచి ఉక్కుకంటే ఇది బాగా కోస్తుందని చెప్పలేం.

పిడి సంగతి వేరే లోకం. అడ్డుపట్టీని, చివరి గుండును కంచుతోనో ఇత్తడితోనో మైనపు పోతపద్ధతిలో పోస్తారు. రెక్కలు విప్పిన పక్షి, పెనవేసుకున్న తీగలు వంటివి ఉక్కును చెక్కి చేయడం కంటే మైనంలో తీర్చడం తేలిక. పట్టుకునే చోట చెక్కకు సన్నతాడు చుట్టి పైన తోలు కుడతారు. చేయి చెమటపట్టినా జారదు. దంతం, జింక కొమ్ము ఒకప్పటి మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నేరం. గేదె కొమ్ము, ఒంటె ఎముక, రెసిన్ పట్టించిన చెక్క వాటి స్థానంలోకి వచ్చాయి. ఇంటి వెనుక కొలిమి పెట్టేవారు మరవకూడనిది ఒకటుంది. జింకు పూత ఉన్న ఇనుమును కాలిస్తే వచ్చే తెల్లటి పొగ ఊపిరితిత్తులకు విషం. గ్రైండరు దుమ్ముకూ మాస్కు తప్పనిసరి.

వెండితెర ఆయుధశాలలు

ఈ కళకు జనాదరణ తెచ్చింది సినిమాయే. 1982 నాటి ‘కోనన్ ది బార్బేరియన్’ కోసం రాన్ కాబ్ గీసిన ఖడ్గాలను అమెరికన్ కత్తుల పనివాడు జోడీ శాంసన్ ఉక్కుతో చేశాడు. అవి చూడ్డానికి గంభీరంగా ఉంటాయి, తిప్పడానికి బరువు. ఆ సినిమా మొదట్లో కరిగిన ఉక్కును అచ్చులో పోసి ఖడ్గం చేసే దృశ్యం ఎంత అందంగా ఉన్నా పచ్చి అబద్ధం. కంచు యుగంలో కత్తులను అలా పోసేవారు గాని, ఉక్కు ఖడ్గాన్ని పోతపోస్తే పెళుసుగా మిగులుతుంది. ఆ దృశ్యాన్ని డజన్లకొద్దీ సినిమాలు అనుకరించాయి.

న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రిచర్డ్ టేలర్, టానియా రోజర్ నడిపే వేటా వర్క్‌షాప్ 2001–2003 ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రాలతో ప్రమాణాన్నే మార్చేసింది. రూపకర్తల్లో ఒకరైన చిత్రకారుడు జాన్ హోవ్‌కు మధ్యయుగపు సైనిక జీవితాన్ని వేషధారణతో పునఃప్రదర్శించే బృందంలో అనుభవం ఉంది. కవచం వేసుకుని, ఖడ్గం పట్టుకుని తిరిగినవాడు గీసిన బొమ్మలో కీళ్లెక్కడ వంగాలో, పిడి ఎంతుండాలో తెలిసిపోతుంది. అక్కడ ఖడ్గాలు చేసిన పీటర్ లయన్ స్ప్రింగు ఉక్కుతో ముఖ్యపాత్రల కత్తులు చేశాడు. దగ్గరి షాట్లకు ఆ ఉక్కు కత్తి, పోరాటానికి తేలికైన అల్యూమినియం కత్తి, గుర్రం మీంచి పడే సన్నివేశానికి రబ్బరు వంటి యురేథేన్ కత్తి, ఇలా ఒకే ఖడ్గానికి మూడు నాలుగు శరీరాలు. ఎల్ఫ్‌ల కత్తులకు ఆకుల వంపులు, మరుగుజ్జుల గొడ్డళ్లకు కోణాల గీతలు, ఓర్క్‌ల కత్తులకు మొరటు కోతలు ఇచ్చి, పట్టుకున్న చేయి కనబడకపోయినా అది ఎవరి ఆయుధమో చెప్పగలిగేలా చేశారు. ఫాంటసీ ఆయుధ రూపకల్పనలో ఇంతవరకు దీన్ని మించిన పని రాలేదనే చెప్పాలి. నటులకు కత్తి నేర్పింది 1952 ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఆడిన బాబ్ ఆండర్సన్. 2011లో మొదలైన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఆయుధశాలను టామీ డన్ నడిపాడు.

తెలుగులో ఈ స్థాయి ఆలోచన ‘బాహుబలి’ (2015, 2017)తో వచ్చింది. కళా దర్శకుడు సాబు సిరిల్ బృందం మాహిష్మతికీ, కాలకేయులకూ వేర్వేరు ఆయుధ సంప్రదాయాలు కల్పించింది. నటులు అలసిపోకుండా కార్బన్ ఫైబర్ వంటి తేలిక పదార్థాలు వాడింది. కాలకేయుల ఆయుధాల మొరటుతనం పక్కన రాజ్యపు కత్తుల నునుపు పెట్టి చూస్తే, ఆ యుద్ధంలో ఎవరు ఎవరో మాటల్లేకుండానే తెలుస్తుంది.

పనివారు, పరీక్షలు, బజారు

అమెరికాలో కమ్మరి కత్తి దాదాపు కనుమరుగైన రోజుల్లో, 1973లో బిల్ మొరాన్ పొరల డమాస్కస్ కత్తులను ప్రదర్శనకు పెట్టి సంచలనం రేపాడు. 1976లో ఆయన మరికొందరితో కలిసి అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ స్థాపించాడు. ఆ సంస్థ పరీక్ష చూడదగ్గది. అభ్యర్థి తన చేతి కత్తితో వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంపాలి. చెక్క దూలాన్ని రెండుసార్లు నరకాలి. ఆ తర్వాత కూడా అదే పదునుతో చేతి వెంట్రుకలు గొరగాలి. చివర కత్తిని పట్టులో బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. మాస్టర్ హోదాకైతే ఆ కత్తి కనీసం 300 పొరల డమాస్కస్ అయి ఉండాలి. అందం చూసేది ఇదంతా అయ్యాకే.

ఫాంటసీ కత్తులకు ఇంటింటా చోటు సంపాదించినవారిలో గిల్ హిబ్బెన్ ఒకడు. ‘రాంబో 3’ (1988) కత్తి ఆయనదే. ‘స్టార్ ట్రెక్’ క్లింగాన్‌ల వంకర ఖడ్గం బాట్‌లెత్‌ను 1990లో డాన్ కరీ రూపొందించాడు. 2013 నుంచి యూట్యూబ్‌లో టోనీ స్వాటన్ ‘మ్యాన్ ఎట్ ఆర్మ్స్’ కార్యక్రమంలో గేముల ఖడ్గాలను ఉక్కుతో చేసి చూపడం, 2015లో ‘ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్’ టీవీ పోటీ రావడం ఎందరినో కొలిమి వైపు తిప్పాయి.

జపాన్ ఉదాహరణ అన్నిటికంటే ముచ్చటైనది. అక్కడ ఖడ్గ కమ్మరి కావడానికి కనీసం ఐదేళ్ల శిష్యరికం, ప్రభుత్వ అనుమతి కావాలి. అంత కట్టుబాటున్న సంప్రదాయ కమ్మరులు 2012లో బిజెన్ ఒసాఫునె ఖడ్గ మ్యూజియంలో ‘ఇవాంజెలియన్’ కార్టూన్ ధారావాహికలోని ఆయుధాలను నిజంగా చేసి ప్రదర్శించారు. మూడు మీటర్లు మించిన లాంగినస్ ఈటె అందులో ఆకర్షణ. ఆ ప్రదర్శన తర్వాత పారిస్, మాడ్రిడ్ కూడా వెళ్లింది.

మన దేశంలో డెహ్రాడూన్ ఈ వ్యాపారానికి కేంద్రం. 1943లో మొదలైన విండ్లాస్ సంస్థ కుక్రీలతో ఆరంభించి, పలు దేశాల సైన్యాలకు లాంఛన ఖడ్గాలూ, సినిమా ఆయుధాల నకళ్లూ చేసి ఎగుమతి చేస్తోంది. యూరప్, అమెరికా సంగ్రాహకుల గోడలమీది ‘మధ్యయుగపు’ ఖడ్గాల్లో చాలావాటి పుట్టిల్లు ఉత్తరాఖండ్.

ఉక్కు లేని కత్తులూ ఈ కళలో భాగమే. వేషధారణ పోటీల్లో, హైదరాబాద్‌లో 2013 నుంచి జరుగుతున్న కామిక్ కాన్ వంటి సంబరాల్లో కనిపించేవి ఈవీఏ ఫోమ్, త్రీడీ ముద్రణ ప్లాస్టిక్, థర్మకోల్ కత్తులు. ఇలాంటి చోట్ల పదునున్న లోహాన్ని అనుమతించరు. ఫోమ్‌ను హీట్‌గన్‌తో వేడిచేసి, అంచులు చెక్కి, నల్లరంగుమీద వెండిపొడి రుద్దితే నాలుగడుగుల దూరం నుంచి ఉక్కే అనిపిస్తుంది. పైన లెక్క వేసిన 35 కిలోల ఖడ్గాన్ని ఒకటి రెండు కిలోల్లో మోసుకు తిరగడానికి దారి ఇదే.

చట్టం

బ్రిటన్‌లో 2008లో 50 సెంటీమీటర్లు దాటిన వంకర ఖడ్గాల అమ్మకాన్ని నిషేధించినా, సంప్రదాయ పద్ధతిలో చేతితో చేసినవాటికి మినహాయింపు ఇచ్చారు. జాంబీ సినిమాల ప్రభావంతో వచ్చిన ‘జాంబీ కత్తుల’ మీద 2016లో, ఆ తరహావాటిమీద 2024లో నిషేధం వచ్చింది. భారత్‌లో 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నిబంధనలు వర్తిస్తాయి. ఇల్లు, వ్యవసాయం, పరిశ్రమ, శాస్త్ర పరిశోధన అవసరాలకు కాకుండా చేసిన, 9 అంగుళాలకు మించిన పొడవో 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న అలుగు ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఖడ్గాలు, బాకులు ఆ జాబితాలో పేరుపేరునా ఉన్నాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటిని దగ్గర ఉంచుకోవడానికీ లైసెన్సు కావాలి. అలంకారానికే అన్న జవాబు పోలీసు తనిఖీలో చెల్లకపోవచ్చు. అందువల్ల ఉక్కు ఖడ్గం చేయించుకోవాలన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలన్నా ముందుగా మీ పోలీసు కమిషనరేట్‌లోనో జిల్లా మెజిస్ట్రేట్ కార్యాలయంలోనో ఆయుధాల విభాగాన్ని అడగండి. పదును పెట్టని అలుగునే కోరుకోండి, కొన్న రసీదు భద్రపరచుకోండి.